పాట శ్రుతి పాడేవాళ్ళది

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మనలో చాలామందికి ఈ అనుభవం వుండే వుంటుంది. గుళ్ళో భజనకో, చర్చిలో ఆరాధనకో, ఎవరింట్లోనో పేరంటానికో వెళతాం. అందరూ కలిసి పాట అందుకుంటారు. మనమూ అందుకుంటాం. మొదటి చరణం ఎలాగో గడుస్తుంది. తరవాత పాట పైకి లేస్తుంది, మన గొంతు లేవదు. నలుగురిలో కీచుమంటుందేమోనని పెదవులు మాత్రం ఆడిస్తూ నిలబడతాం. ఇంటికి వచ్చాక, "నా గొంతుకు సంగీతం ఎక్కడిది లెండి" అని మనమీద మనమే తీర్పు చెప్పుకుంటాం.

ఆ తీర్పు సరైనదేనా అన్నది ఇవాళ మీతో కలిసి కాస్త విచారించాలని వుంది.

మాది తిరువూరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళే బస్సులు మా వూరి మీదుగానే పోతాయి. నేను ఇంటి దగ్గర పిల్లలకు సంగీతం చెబుతూ వుంటాను. మా పక్కింటివారు క్రైస్తవులు. ఆ ఇంటి అత్తగారికి 78 ఏళ్ళు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆవిడకు కీర్తనలు పుస్తకం చూడకుండా వచ్చు. తెల్లవారుజామున వాకిలి చిమ్ముతూ పాడుకుంటూ వుంటే, అది విని నేను లేచి కాఫీకి నీళ్ళు పెట్టుకునేదాన్ని. నాకు అదే గడియారం అన్నమాట.

ఆమధ్య ఒకరోజు ఆవిడ కోడలు వచ్చింది. "అక్కయ్యగారూ, మా అత్తగారు ఆదివారం గుళ్ళో పాడటం మానేసి ఏడాది దాటింది. అడిగితే 'నా గొంతు పోయిందే' అంటారు. ఇప్పుడు మా స్త్రీల సమాజం కూడికలో అందరం ఒక కొత్త పాట పాడాలి. ఫోనులో విని నేర్చుకుంటున్నాం. పదిమందిమి నాలుగుసార్లు పాడేసరికి ఆరుగురికి గొంతు పట్టేసింది. అత్తగారైతే దండం పెట్టి బైటికి వెళ్ళిపోయారు. ఈ పాటలో ఏముందో కాస్త చూడండి" అంది.

ఆ అమ్మాయి చేతిలో పాట రాసుకున్న కాగితం వుంది. పైన ఒక వరస: స్కేలు సి షార్పు మైనర్, టెంపో 112. కింద పాట. క్షమించమని దేవుణ్ణి వేడుకునే పాట అది. మంచి మాటలు, మంచి వరస. మరి పదిమంది ఆడవాళ్ళు ఎందుకు పాడలేకపోయారు?

జవాబు ఆ కాగితం మీద పై వరసలోనే వుంది. ఆ వరసను మనం చదవడం నేర్చుకుంటే చాలు. అందులో మూడు సంగతులున్నాయి. స్కేలు అంటే శ్రుతి. టెంపో అంటే నడక, మనవాళ్ళు కాలం అంటారు. మేజరా, మైనరా అన్నది ఏ స్వరాలతో కట్టారో చెబుతుంది, అంటే ఇంచుమించు రాగం. ఈ మూడూ కలిసే పాటకు భావాన్నిస్తాయి. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు శ్రుతి. హార్మోనియం ఎదురుగా పెట్టుకున్నారనుకోండి. తెల్ల మెట్లను ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడతాం. మధ్యలో వచ్చే నల్లమెట్లు అరలు. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు, నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. మొత్తం 12 మెట్లు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు వుండదు, ఏడు తరవాతా వుండదు. ఏడు దాటితే మళ్ళీ ఒకటి, పై స్థాయి. కీబోర్డు అబ్బాయిలు సి షార్పు అనేది మన ఒకటిన్నర. వాళ్ళు ఎ అనేది మన ఆరు. పేర్లు వేరు, మెట్టు ఒకటే.

మన సంగీతంలో మగవాళ్ళు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర, ఆరు. ఇది గొప్పా తక్కువా కాదు, గొంతులో దేవుడిచ్చిన కొలత.

ఇప్పుడు ఆ కొత్త పాట చూడండి. మగ గాయకుడి కోసం ఒకటిన్నరలో కట్టారు. కింది షడ్జంలో మొదలై, పై స్థాయి గాంధారం దాకా పోతుంది. ఆడవాళ్ళకు రెండే దారులు. ఆయన పాడిన చోటే పాడదామా అంటే, మొదటి మాట దగ్గరే గొంతు అడుగంటిపోతుంది, గొణుగుడు తప్ప పాట రాదు. పోనీ ఒక స్థాయి పైకెత్తి పాడదామా అంటే, ఆఖరి గాంధారం దగ్గర అరుపు వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లెక్క కావాలంటే, ఆ పై గాంధారం సెకనుకు సుమారు 659 కంపనాలు. ఏళ్ళ తరబడి సాధన చేసిన గాయనికి అది కష్టం కాకపోవచ్చు. పొయ్యి దగ్గర కూనిరాగం తీసుకునే మనకు కష్టమే.

ఉపాయం ఏమిటి? ఒకటిన్నర నుంచి నాలుగు మెట్లు దిగండి. ఒకటి, ఏడు, ఆరున్నర, ఆరు. ఆరు శ్రుతి అయింది. ఇప్పుడు ఆడవాళ్ళు పై స్థాయిలో పాడితే ఆ గాంధారం 523 కంపనాల దగ్గర ఆగుతుంది. అందరికీ కాకపోయినా ఎక్కువమందికి అందుతుంది. మగవాళ్ళు ఒక స్థాయి కింద అదే శ్రుతిలో పాడుకోవచ్చు. వాళ్ళకు మొదటి షడ్జం కాస్త లోతుగా వుంటుంది గాని అందకుండా పోదు. ఒకరికోసం ఇంకొకరు నోరు మూసుకోవలసిన పని లేదు.

కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట వుంటుంది. దాన్ని నాలుగుసార్లు కిందికి నొక్కితే చాలు, వాయించే అబ్బాయి వేళ్ళు కూడా మార్చుకోనక్కరలేదు. ఇంతటి పనికి పదిమంది ఆడవాళ్ళు గొంతులు పాడుచేసుకున్నారు.

ఇక్కడే పిన్నిగారి సంగతి చెప్పాలి. వయసు పెరిగినకొద్దీ ఆడవాళ్ళ గొంతు కొంచెం కిందికి దిగటం సహజం. నలభై ఏళ్ళప్పుడు ఆరున్నరలో పాడిన మనిషి, డెబ్బై దాటాక ఐదులో హాయిగా పాడతారు. "పిన్నిగారూ, మీ గొంతు పోలేదు, మూడు మెట్లు దిగింది, అంతే" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "ఈ మాట ఏడాది కిందట ఎవరూ చెప్పలేదేమమ్మా" అన్నారు.

రెండోది కాలం. 112 అంటే నిమిషానికి 112 దెబ్బలు. ఇలా అంకెల్లో కొలవడానికి మెట్రోనోమ్ అనే పరికరాన్ని మేల్జెల్ అనే జర్మన్ ఆయన 1815లో పేటెంటు చేయించాడు. మనకు ఆ పరికరం అక్కరలేదు. గోడ గడియారం చాలు. పాట పాడుతూ తొడమీద తాళం వేసుకోండి. 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 18 పడితే 72. తీరిగ్గా కూర్చున్న మనిషి నాడి కూడా ఇంచుమించు అంతే కొట్టుకుంటుంది. ఆ నడకలో పాట వింటే మనసు కుదుటపడినట్టుండటంలో వింతేముంది?

వెనకటి పాటలకు ఈ అంకె ఎవరూ రాయలేదు. పనే దాన్ని నిర్ణయించేది. రోకలి లేచిపడే వేగమే దంపుళ్ళ పాట వేగం. వుయ్యాల వూగే వేగమే లాలిపాట వేగం. వుయ్యాలను గబగబా వూపితే పిల్ల నిద్రపోతుందా?

పాట వేగం పెరిగితే ముందు దెబ్బతినేది మాట. మన తెలుగులో దీర్ఘం తగ్గితే అర్థమే మారుతుంది. కాలం కలం అవుతుంది, పాలు పలు అవుతాయి. 112లో మాటలు కిక్కిరిసి వుంటే ఒత్తులూ దీర్ఘాలూ మింగేస్తాం. పాడేవాళ్ళకే ఏం పాడామో తెలియదు.

అయితే నెమ్మదిగా పాడితే అన్నీ సర్దుకుంటాయా అంటే, అదీ కాదు. ఆ పాటలో ఒక్కో పాదం 16 దెబ్బలు. 60లో పాడితే ఆ పాదం 16 సెకన్లు సాగుతుంది. పిన్నిగారికే కాదు, నాకూ అంత వూపిరి లేదు. 80లో పాడితే 12 సెకన్లు. సగంలో ఒకసారి వూపిరి తీసుకుంటే ఆరేసి సెకన్లు. అది అందరికీ అందుతుంది. కనక కాలం నిర్ణయించవలసింది వూపిరి. ఒక పాదాన్ని తొందరపడకుండా, మధ్యలో తెగకుండా ఎంతలో చెప్పగలమో అదే ఆ పాటకు మన కాలం.

మీరు అడగవచ్చు, భజనల్లో వేగం పెంచుతారు కదా, అప్పుడెవరికీ ఇబ్బంది లేదే అని. మంచి ప్రశ్న. మా దగ్గర నెమలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళినా, శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళే బస్సు ఎక్కినా భజన వినపడుతుంది. గమనించి చూడండి. నెమ్మదిగా ఎత్తుకున్నప్పుడు పాదాలు నిండుగా వుంటాయి. వేగం పెరిగినకొద్దీ మాటలు రాలిపోయి ఆఖరికి నామం ఒక్కటే మిగులుతుంది. మాట తగ్గించి వేగం పెంచుతారన్నమాట. ఎవరు మొదలుపెట్టారో గాని గొప్ప తెలివి. మాటలు నిండుగా వుంచి వేగం ఒక్కటే పెంచితే వచ్చేది ఆయాసం.

మూడోది రాగం. మేజర్ స్కేలు స్వరాలు మన శంకరాభరణానివి. మైనర్ స్వరాలు నటభైరవివి, నిషాదం ఒక మెట్టు పైకి జరిపితే కీరవాణివి. శంకరాభరణంలో గాంధారం, ధైవతం, నిషాదం ఒక్కొక్క మెట్టు దించితే నటభైరవి వస్తుంది. ముఖ్యమైన తేడా గాంధారంలో వినపడుతుంది. హార్మోనియం మీద సరిగ అని పైకి పోయి, గాంధారాన్ని ఒక మెట్టు దించి మళ్ళీ వాయించండి. మొదటిది తలుపు తెరిచినట్టు, రెండోది దీపం తగ్గించినట్టు వుంటుంది.

అందుకని మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దుఃఖం అని బడిపిల్లల్లా వప్పచెప్పేస్తూ వుంటారు. అంత తేలిక కాదు. అవే మోహన స్వరాలు నెమ్మదిగా పాడితే శాంతం, వడిగా పాడితే ఉత్సాహం. మైనర్ స్వరాలు తాళం మారి డప్పు మీద పడితే జాతరలో చిందులేయిస్తాయి. భావం రాగంలో సగమే వుంది, మిగిలిన సగం నడకలో వుంది. మన కొత్త పాట కట్టినాయన స్వరాలు వేడుకోలుకు తగినట్టే ఎంచుకున్నారు. 112 నడకా, దానిమీద చప్పట్లూ వచ్చి ఆ వేడుకోలును చెరిపేశాయి. పిన్నిగారు తన మాటల్లో చెప్పింది అదే. "తప్పు చేశాను క్షమించు తండ్రీ అంటూ చప్పట్లు కొట్టటమేమిటమ్మా? చప్పట్లు కొట్టడానికి వేరే పాటలున్నాయిగా!"

ఆవిడ పాత మనిషి గనక అలా అన్నారనుకోవద్దు. ఆవిడ చేతిలో పెరిగిన పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఆ పుస్తకం తిరగేస్తే నాకే ముచ్చటేసింది. ఒక్కో కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి వుంటాయి. మోహన, శంకరాభరణం, ముఖారి. ఆది, రూపకం, చాపు. మన త్యాగరాజ కీర్తనల పుస్తకాల్లో వున్నట్టే. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో కన్నుమూశారు. త్యాగరాజస్వామి 1847 దాకా వున్నారు గనక ఇద్దరూ కొంతకాలం సమకాలికులే. దేశంలో జనం చెవులకు ఏ రాగాలు, ఏ తాళాలు అలవాటో వాటినే ఆయన ఆరాధనకు తెచ్చారు. ఇవాళ కీబోర్డు ముందు కూర్చున్న కుర్రవాడు కూడా తన చెవిలో వున్న సంగీతాన్నే తెస్తున్నాడు. ఆ మాటకొస్తే ఇద్దరూ చేసింది ఒకే పని. కొత్త పాటను తప్పు పట్టడానికి నేను రాలేదు.

తేడా ఒక్కటే. ఆ పాత పుస్తకంలో రాగం వుంది, తాళం వుంది, శ్రుతి మాత్రం లేదు. నిమిషానికి ఇన్ని దెబ్బలన్న అంకె కూడా లేదు. ఎందుకు లేదు? అది పాట ఎత్తుకునే మనిషి చేతిలో వదిలారు. పిన్నిగారు ఎత్తుకుంటే పిన్నిగారి గొంతే శ్రుతి. ఆవిడ చుట్టూ చూసి, అందరూ వచ్చారా, ముసలివాళ్ళున్నారా, పిల్లలున్నారా అని అంచనా వేసుకుని అందుకునేవారు. ఎక్కువైతే ఆపి, ఒక మెట్టు దించి మళ్ళీ ఎత్తుకునేవారు. ఇప్పుడు ఆ నిర్ణయం పాటతోపాటే తయారై వస్తోంది. ఎక్కడో స్టూడియోలో ఒక్క గాయకుడి గొంతు బాగా మెరిసే చోటు చూసి శ్రుతి పెడతారు. అది ఆయనకు సరైనదే. దాన్నే ఫోనులోంచి దించి తిరువూరులో పదిమంది ఆడవాళ్ళ నెత్తిన పెడితే ఎలా?

కీబోర్డు వాయించే అబ్బాయిని పిలిపించి ఈ సంగతంతా చెప్పాం. మంచి కుర్రవాడు, శ్రద్ధగా విన్నాడు. విని, "టీచరుగారూ, నాలుగు మెట్లు దించితే పాటలో వూపు పోతుందండీ" అన్నాడు. అతను అన్నది అబద్ధం కాదు. గొంతు తన అంచుదాకా ఎక్కినప్పుడు ఒక బిగువు వస్తుంది, వినేవాళ్ళ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. శ్రుతి దించితే ఆ మెరుపు కొంత తగ్గుతుంది. "మరి ఈ పాట వినడానికా, పాడటానికా బాబూ?" అని అడిగాను. ఒకరు పాడుతుంటే వందమంది వినే పాట వేరు, వందమందీ పాడే పాట వేరు. మొదటిదానికి మెరుపు కావాలి. రెండోదానికి అందరూ అందుకోవటం కావాలి. అతను కాసేపు ఆలోచించి, "చూద్దామండి" అని మీట నొక్కాడు.

ఆరు శ్రుతి, 80 నడక, చప్పట్లు లేవు. మొదటిసారి పాడితే ఏదో వెలితిగా అనిపించింది, అలవాటు లేక. రెండోసారి మాటలు వినపడ్డాయి. మూడోసారి గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న పిన్నిగారు చేతిపని ఆపకుండానే గొంతు కలిపారు. ఆఖరి గాంధారం దగ్గర మాత్రం ఆవిడ పైకి వెళ్ళకుండా షడ్జం మీదే నిలబడ్డారు. అది తప్పు కాదు. అందని స్వరం దగ్గర కింది షడ్జం పట్టుకుని నిలబడితే పాటకు అందమే.

స్త్రీల సమాజం కూడికలో పాట అలాగే పాడారు. ఆదివారం ఆరాధనలో మాత్రం ఆ పాట ఇప్పటికీ ఒకటిన్నరలోనే సాగుతోందట. కుర్రవాళ్ళు వొప్పుకోలేదు. ఫరవాలేదు. కోడలు ఈసారి సంఘపెద్దలతో తానే మాట్లాడతానంటోంది. ఇదివరకు "మాకు గొంతు లేదు" అనేవాళ్ళు, ఇప్పుడు "మాకు ఆరు శ్రుతి కావాలి" అని అడుగుతున్నారు. ఈ తేడా చిన్నదేమీ కాదు.

మీ భజన బృందంలోనో, సమాజంలోనో కొత్త పాట నేర్చుకునే ముందు నాలుగు పనులు చేసి చూడండి. మొదట, వరస లేకుండా మాటలను మామూలుగా చదవండి, అందులోని భావం బోధపడుతుంది. రెండు, పాటలో అన్నిటికంటే పైకి పోయే మాట ఏదో పట్టుకుని ముందు దాన్ని పాడండి. గుంపులో సగంమంది ముఖం చిట్లిస్తే ఒక్కొక్క మెట్టే దించండి. మొదటి పాదం బాగుందని మోసపోవద్దు, అది ఎప్పుడూ బాగానే వుంటుంది. మూడు, పొడుగాటి పాదం ఒకటి తీసుకుని, మీలో పెద్దావిడ ఎంతలో వూపిరి తెగకుండా పాడగలరో చూసి, గడియారంతో ఆ నడక రాసిపెట్టుకోండి. నాలుగు, ఆ శ్రుతిని, ఆ నడకను పాట కాగితం మీద మీ అంకెలతోనే రాయండి. ఫోనులో వున్న అంకెలు కొట్టివేయండి.

పాట ఎవరు కట్టినా, శ్రుతి పాడేవాళ్ళది. ఇవాళ వుదయం చాలా రోజుల తరవాత పక్కింటి వాకిట్లో చీపురు చప్పుడుతోపాటు కీర్తన వినపడింది. సుమారు ఐదు శ్రుతిలో. నేను లేచి కాఫీకి నీళ్ళు పెట్టుకున్నాను.